గిటారు పక్కకు జరిగితేనే కొత్త ధ్వనికి చోటు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే చోట తిరుగుతున్నాయి. గిటారు పట్టుకుని కంట్రీ-ఫోక్ పాటలు సొంతంగా రాసి పాడేవారు, అలవాటైన ధ్వని వదిలి కొత్తదానితో ఆల్బమ్ చేయాలనుకుంటే ఏం చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు అన్నదే వాటి సారం.

ప్రశ్న: రెండు ఆల్బమ్‌లు గొంతు, గిటారు, అక్కడక్కడ హార్మోనికాతో చేశాను. మూడోదానికి సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు), డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటారు, వయొలిన్లు అన్నీ పెట్టి చూశాను. పాట మీద దుప్పటి మీద దుప్పటి కప్పినట్టుంది. ఎక్కడ తప్పింది?

జవాబు: అన్నీ పెట్టడంలో కొంత, పాతది ఒక్కటీ తీయకపోవడంలో చాలా. మామూలు శ్రుతిలో అకూస్టిక్ గిటారు అడుగు తీగ 82 హెర్ట్జ్ (సెకనుకు 82 కంపనలు) దగ్గర మొదలవుతుంది. ప్లెక్ట్రమ్ (తీగలు మీటే చిన్న బిళ్ల) గీతల చప్పుడు కొన్ని వేల హెర్ట్జ్ దాకా పోతుంది. పైగా స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి గీస్తూ వాయించడం, చేస్తే ప్రతి అర మాత్రకూ ఒక దెబ్బ పడుతుంది. అంటే ఆ ఒక్క వాద్యమే కింద నుంచి పై దాకా, కాలంలో ఒక్క ఖాళీ మిగలకుండా పరుచుకుని ఉంది. దాని మీద ఏం పెట్టినా పోట్లాటే.

ఒక పరీక్ష చేయండి. ఆల్బమ్‌లోంచి నడక వేరువేరుగా ఉన్న మూడు పాటలు తీసుకోండి: ఒకటి నిదానం, ఒకటి వడి, ఒకటి మూడు మాత్రల తాళం. గిటారు వాయిస్తూ పాడకండి. గిటారును విడిగా రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ గొంతు రికార్డు చేయండి. లేకపోతే గొంతు మైకులోకి గిటారు దూరి తర్వాత తీయడానికి రాదు. ఇప్పుడు గిటారు ట్రాక్‌ను పూర్తిగా మూసేసి, తాళపు ఒక్కో ఆవర్తానికి, అంటే బార్‌కు ఒక్క బేస్ స్వరం చొప్పున పెట్టి వినండి. పాట నిలబడిందా, కొత్త ధ్వనికి చోటు దొరికినట్టే. పల్లవిలో మాత్రమే బోసిపోతే గిటారు పల్లవిలోనే రావాలి. మొత్తం కూలిపోతే లోపం వాద్యాల్లో కాదు, రాగపు వరుసలో ఉంది. స్ట్రమ్మింగ్ ఇన్నాళ్లూ దాన్ని కప్పిపుచ్చింది.

ఆ తర్వాత రెండు కొత్త ధ్వనులు, ఒక పాత ధ్వని ఎంచుకుని ఆ మూడింటితోనే మూడు పాటలనూ కట్టండి. కనీసం రెండు పాటల్లో అవి అతకకపోతే ఎంపిక మార్చండి. పది పాటలకూ స్టూడియో రోజులు తీసుకోకముందే ఈ పని అయిపోవాలి. పాటకో వాద్యం చొప్పున పెట్టుకుంటూ పోతే ఆల్బమ్ కాదు, సంకలనం వస్తుంది.

వినడానికి రెండు చెబుతాం. ఎమ్మీలూ హ్యారిస్ 1995లో డేనియల్ లాన్వా నిర్మాణంలో చేసిన ‘రెకింగ్ బాల్’, కేసీ మస్గ్రేవ్స్ 2018 నాటి ‘గోల్డెన్ అవర్’. రెండోదాంట్లో ఒకే పాటలో బాంజో, వోకోడర్ కలిసి వినిపిస్తాయి. ఒకటి కంట్రీకి పుట్టింటిది, రెండోది గొంతును యంత్రంగా మార్చేది. ఆ రెండింటి మధ్య మామూలు గిటారు ఎంత తక్కువ జాగా తీసుకుందో గమనించండి, పాఠం అక్కడుంది.

ప్రశ్న: స్ట్రమ్మింగ్ తీసేస్తే పాటకు ఊపు పోతోంది, ఉంచితే ఇరుకవుతోంది. మధ్యదారి ఉందా?

జవాబు: ఉంది. ముందు గిటారు ఏమేం పనులు చేస్తోందో విడదీయండి. అడుగు స్వరం పట్టుకోవడం ఒకటి, నడక చూపించడం రెండు, కార్డ్‌ను నింపడం మూడు. మూడూ ఒకే చేతిలో ఉన్నాయి కాబట్టి ఒక్కసారిగా తీస్తే మూడూ పోతాయి. ఒక్కొక్కటిగా అప్పగించాలి.

అడుగు స్వరం బేస్‌కు ఇవ్వండి. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కూడా ఉంటే ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టకండి. కిక్ బరువు 60 హెర్ట్జ్ దగ్గర ఉంచితే బేస్‌ను 90–100 దగ్గర కాస్త లేపి, 60 దగ్గర కాస్త తగ్గించండి. నడకను స్నేర్ (చిన్న డ్రమ్) మీద బ్రష్‌కు గానీ, షేకర్‌కు గానీ, అరచేతితో తీగలు నొక్కి వాయించే ఎలక్ట్రిక్ గిటారుకు గానీ ఇవ్వండి. మూడింటిలో ఒక్కదానికే.

ఇక కార్డ్ నింపే పని. దీనికి అమెరికాలో కంట్రీ సంగీతపు కేంద్రమైన నాష్‌విల్ స్టూడియోలలో పాత ఉపాయం ఒకటుంది: కింది నాలుగు తీగలను ఒక స్థాయి పైకి పెట్టిన గిటారు. దాన్ని ‘హై-స్ట్రంగ్’ అనీ, నాష్‌విల్ ట్యూనింగ్ అనీ అంటారు. పన్నెండు తీగల గిటారు సెట్‌లోంచి సన్న తీగలు మాత్రమే తీసుకున్నట్టు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కలో, ఒకటో తీగ నుంచి ఆరో తీగ దాకా 10, 14, 9, 12, 18, 27 మందాలు సరిపోతాయి. అడుగు తీగ 82 బదులు 165 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. జి తీగ 392 హెర్ట్జ్‌కు పోయి ఒకటో తీగకన్నా పైన కూర్చుంటుంది. వేళ్లు పట్టే కార్డ్‌లు మీకు తెలిసినవే, వినిపించేది మాత్రం సగం గిటారు, సగం హార్ప్. కింద సగం ఖాళీ అయింది కాబట్టి సింథ్‌కో పెడల్ స్టీల్‌కో (కడ్డీ జార్చి, పెడళ్లు తొక్కి వాయించే గిటారు) అక్కడ చోటు దొరుకుతుంది.

చెడేది ఎక్కడంటే: ఉన్న జి తీగనే పైకి తిప్పుదామని చూస్తే తెగి మొహాన కొడుతుంది. 9 మందం తీగ వేయాల్సిందే. మందపు తీగలకు కోసిన నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ) గాళ్లలో సన్న తీగ అటూఇటూ కదిలి జర్రుమంటుంది. మెడ మీద మొత్తం లాగుడు తగ్గుతుంది కాబట్టి మెడ వెనక్కి ఒరిగి మొదటి మెట్లలో చప్పుడు రావచ్చు. మెడ వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్‌ను పావు చుట్టు సడలించి ఒక రోజు ఆగి చూడండి. వీలుంటే దీనికోసం ఒక గిటారును విడిగా ఉంచుకోండి, రోజుకోసారి మార్చుకునే తీగలు కావివి.

మైకు పన్నెండో మెట్టు ఎదురుగా, 25–30 సెంటీమీటర్ల దూరంలో. గిటారు నోటికి (పెట్టె మీది గుండ్రటి రంధ్రానికి) ఎదురుగా పెడితే పెట్టెలోని గాలి 100 హెర్ట్జ్ చుట్టూ గుమ్మని మోగి మీరు ఖాళీ చేసిన చోటే మళ్లీ నిండిపోతుంది. హై-స్ట్రంగ్ గిటారుకు 120–150 హెర్ట్జ్ కింద కోసేయండి, అక్కడ దానికి పనిలేదు.

ప్రశ్న: పెడల్ స్టీల్‌ను ఏడుపు పాటల తంతులా కాకుండా, వెనక పరుచుకుని నిలిచే సింథ్ పాడ్‌లా వాడుకోవచ్చా?

జవాబు: వాడుకోవచ్చు, వాడారు కూడా. బ్రయాన్ ఈనో 1983లో చేసిన ‘అపోలో’ ఆల్బమ్‌లో లాన్వా పెడల్ స్టీల్ వాయించాడు. అపోలో చంద్రయాత్రల దృశ్యాలకు కంట్రీ వాద్యం! అంతకన్నా ముందే, 1964లో పీట్ డ్రేక్ తన స్టీల్ ధ్వనిని గొట్టంలోంచి నోట్లోకి పంపి మాటలు పలికించాడు. తర్వాత 1969లో బాబ్ డిలన్ ‘నాష్‌విల్ స్కైలైన్’లో స్టీల్ వాయించింది కూడా ఆయనే. ఈ వాద్యం సంప్రదాయపు గుర్తుగా పేరు పడింది గానీ, పుట్టుకతో యంత్రమే.

పనితీరు తెలిస్తే ఎలా వాడుకోవాలో తెలుస్తుంది. కంట్రీలో ఎక్కువగా వాడేది ఈ9 శ్రుతి, పది తీగలు. పాదం కింద మూడు పెడళ్లు, మోకాళ్ల దగ్గర మీటలు. ఎ పెడల్ నొక్కితే బి తీగలు సి షార్ప్‌కు పోతాయి. బి పెడల్ నొక్కితే జి షార్ప్ తీగలు ఎ కు పోతాయి. రెండూ కలిపి నొక్కితే ఈ కార్డ్ కాస్తా ఎ కార్డ్ అవుతుంది. ఎడమ చేతిలోని ఉక్కు కడ్డీ అంగుళం కూడా కదలనక్కర్లేదు. కొన్ని తీగలు కదలకుండా నిలబడి, ఒకటి రెండు మాత్రం జారడమే ఆ ఏడుపుకు మూలం. ఏడుపు వద్దంటే వాద్యకారుడికి ఒక్క మాట చెప్పండి: కార్డ్ మారేటప్పుడు పెడల్ జారుడు వినిపించకూడదు, వాల్యూమ్ పెడల్ మూసి మార్చి, మళ్లీ తెరవాలి. మీటు కూడా అదే పద్ధతిలో దాచేయాలి. తీగ మీటిన చప్పుడు పోతే మిగిలేది గాలిలాంటి ధ్వని.

వాల్యూమ్ పెడల్ ముందు, డిలే (ప్రతిధ్వని) తర్వాత, రివర్బ్ (గది మోత) చివర. ఈ వరుస తారుమారై పెడల్ చివరకు పోతే, మూసిన ప్రతిసారీ వెనకనున్న తోక కూడా తెగిపోతుంది. డిలే కాలానికి 60,000ను పాట వేగంతో భాగించండి. నిమిషానికి 80 మాత్రల పాటకు 750 మిల్లీసెకన్లు. దాంట్లో ముప్పావు, అంటే 562, పెడితే ప్రతిధ్వని మాత్ర మీద పడకుండా పక్కన పడి పాటను ముందుకు తోస్తుంది. ప్రతిధ్వని తిరుగుడు (ఫీడ్‌బ్యాక్) 35 శాతం దాటనివ్వకండి. రివర్బ్ 5–6 సెకన్లు, దాని 200 హెర్ట్జ్ కింది భాగం కోసేయాలి. ఇది మరిచిపోతే మూడో చరణానికల్లా కింద బురద పేరుకుంటుంది.

స్టీల్ వాయించేవారు దొరకకపోతే ల్యాప్ స్టీల్‌తోనో, ఎలక్ట్రిక్ గిటారు మీద గాజు స్లైడ్‌తోనో ఇదే పాడ్ రాబట్టవచ్చు. ఒకేసారి రెండు తీగలకు మించి మీటకండి. పెడళ్లు లేవు కాబట్టి మూడు తీగలు పడితే కార్డ్ మారినప్పుడు ఏదో ఒకటి తప్పు స్వరం పలుకుతుంది.

ప్రశ్న: హెడ్‌ఫోన్లలో తాళం టిక్కుమనే క్లిక్ ట్రాక్‌తో పాడితే పాట బిగుసుకుపోతోంది. క్లిక్ లేకపోతే తర్వాత వచ్చే డ్రమ్మర్ తిట్టుకుంటున్నాడు.

జవాబు: ఫోక్ గాయకులకు మాట పొడుగును బట్టి ఊపిరి, ఊపిరిని బట్టి తాళం. నాలుగు మాత్రల బార్ల మధ్య రెండు మాత్రల బార్ ఒకటి మీకు తెలియకుండానే చేరుతుంది. తప్పేమీ కాదు, రాసుకోకపోవడం తప్పు.

క్లిక్ లేకుండా గిటారు, గొంతు కలిపి ఒక మంచి టేక్ తీయండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బార్ మొదటి మాత్రకూ గుర్తు పెట్టి ఆ టేక్ నుంచే వేగపు పటం తయారుచేయండి. నిదానపు పాటలో చరణం 76 దగ్గర, పల్లవి 78, 79 దగ్గర నడవడం మామూలే. ఆ తేడాలు ఉంచండి. ఒకే బార్ ఒక్కటే 72కు జారి మళ్లీ లేస్తే మాత్రం అది మనోధర్మం కాదు, కార్డ్ మార్చడంలో వేలు తడబడింది. అది సరిచేయండి. ఇప్పుడు క్లిక్ మిమ్మల్ని అనుసరిస్తుంది. డ్రమ్మర్ ఆ క్లిక్‌తో వాయిస్తాడు, మీరు చివర్లో గొంతు మళ్లీ పాడతారు.

క్లిక్ చప్పుడు కూడా మార్చండి. టిక్కుటిక్కుమనే కట్టె చప్పుడు కంటే షేకర్ శబ్దం నయం. దాంట్లో అర మాత్ర కూడా వినిపిస్తుంది కాబట్టి తొందరపాటు తగ్గుతుంది. పాట చివర చివరి కార్డ్ ఆరిపోయే చోట క్లిక్ ఆపేయండి. మూసి ఉండే హెడ్‌ఫోన్లు వాడినా, ఆ నిశ్శబ్దంలో చెవి పక్కనుంచి కారిన క్లిక్ గొంతు మైకులో దొరికిపోతుంది. మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి సవరణ) దాకా ఎవరికీ వినపడదు, అప్పుడు వినపడుతుంది.

ప్రశ్న: డ్రమ్ మెషీనా, డ్రమ్మరా?

జవాబు: పాటలో మాటలు ఎక్కువైతే డ్రమ్మర్, తక్కువైతే మెషీన్. మాటల మధ్య తప్పుకోవడం మెషీన్‌కు రాదు. డ్రమ్మర్ వస్తే స్నేర్ మీద పల్చటి తువ్వాలు పరిచి, సింబళ్లు సగం తీయించి చూడండి. సగం మిక్సింగ్ అక్కడే అయిపోతుంది.

ప్రశ్న: కొత్త వాద్యబృందంతో నా గొంతు తేలిపోతోంది. పాత ఆల్బమ్‌లో ఇలా లేదు. మైకు మార్చాలా?

జవాబు: మైకు కాదు, శ్రుతి మార్చి చూడండి. గిటారుతో పాట రాసేవారు జి, సి, డి కార్డ్‌లలో రాస్తారు. కారణం గొంతు కాదు, మూయకుండా వదిలిన తీగలు అక్కడ బాగా మోగుతాయి. గిటారు ఒక్కటే ఉన్నప్పుడు ఆ మోత గొంతును మోస్తుంది. దాన్ని తగ్గించాక గొంతు తన కాళ్ల మీద నిలబడాలి, ఆ శ్రుతి దానికి కిందో పైనో అయి ఉంటుంది.

పల్లవిలో అన్నిటికన్నా పై స్వరం పట్టుకోండి. దాన్ని ఆరు సెకన్లు నిలపగలిగి, ఇంకో రెండు అర స్వరాలు పైకి పోగలిగితే మీ శ్రుతి కిందుంది. ఒక్కో అర స్వరం చొప్పున పైకి పోతూ పల్లవి, మొదటి చరణం రెండూ పాడండి. పల్లవి వెలుగుతున్నా చరణంలో మాటలు అరుపులా వినిపిస్తే ఒక మెట్టు దిగండి. సాధారణంగా రెండు మూడు అర స్వరాల మార్పే సరిపోతుంది. బి ఫ్లాట్‌కో ఈ ఫ్లాట్‌కో చేరారని కంగారు వద్దు, గిటారుకు కేపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కే బిగింపు) ఉంది. జి ఆకారాలతో మూడో మెట్టు మీద కేపో పెడితే బి ఫ్లాటే.

శ్రుతి మారుతుందని ముందే అనిపిస్తే కార్డ్‌ల పేర్లు కాకుండా అంకెలు రాసివ్వండి: షడ్జమం మీది కార్డ్ 1, మధ్యమం మీదిది 4, పంచమం మీదిది 5. 1950ల చివర్లో జోర్డనేర్స్ గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ నాష్‌విల్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. శ్రుతి ఎన్నిసార్లు మార్చినా కాగితం మార్చనక్కర్లేదు.

ఇదయ్యాక కూడా గొంతు మునిగితే, 2–4 వేల హెర్ట్జ్ మధ్య ఎవరు కూర్చున్నారో చూడండి. స్ట్రమ్మింగ్ గిటారు ప్లెక్ట్రమ్ చప్పుడో, బాంజోనో అయి ఉంటుంది. గొంతును పెంచకుండా వాళ్లను అక్కడ రెండు మూడు డీబీలు (డెసిబెల్స్) దించండి.

ప్రశ్న: సింథ్ పెట్టగానే పాట ప్రకటనల సంగీతంలా నున్నగా అయిపోతోంది.

జవాబు: రెండు చేతులతో నిండు కార్డ్‌లు పట్టి ఉంటారు. రెండు స్వరాలు చాలు: షడ్జమం, పంచమం. గాంధారం వదిలేయండి, దాన్ని గొంతో స్టీలో పలుకుతుంది. ఎడమకు కుడికి పరిచే స్టీరియో పాడ్ వద్దు. ఒకే వైపు నుంచి, ఒక మనిషి పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు రానివ్వండి. సింథ్ ట్రాక్‌ను గిటారు ఆంప్ లోంచి గదిలోకి వదిలి, మీటరు దూరంలో మైకు పెట్టి మళ్లీ రికార్డు చేస్తే గది గాలి అంటుకుంటుంది. మిగతా వాద్యాలన్నీ గాలిలో మోగినవే, అదొక్కటి తీగలోంచి నేరుగా వచ్చింది. ఆ నునుపు అక్కడిదే. 250–400 హెర్ట్జ్ మధ్య మూడు డీబీలు తీస్తే గిటారు పెట్టె ధ్వనితో గొడవ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: ఇంట్లో చేసుకున్న డెమోలే స్టూడియో పాటలకన్నా బాగున్నాయి. అవే విడుదల చేయవచ్చా?

జవాబు: బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ అలా వచ్చిందే. 1982 జనవరిలో న్యూజెర్సీలోని ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద బృందానికి వినిపించడానికి చేసిన డెమోలు అవి. బృందంతో మళ్లీ చేసి చూశాక ఆ క్యాసెట్టే నయమని తేలి సెప్టెంబరులో అదే విడుదలైంది. కాబట్టి డెమోను కూడా చివరిది కావచ్చన్న జాగ్రత్తతో చేయండి: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, శిఖరాలు మైనస్ 10 డీబీ దాటకుండా. గిటారు శ్రుతిపెట్టెతో సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి. చెవితో శ్రుతి చేసిన డెమో ఎ స్వరపు ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కి కాస్త కిందో పైనో ఉండిపోతే తర్వాత పియానోనో స్టీలో చేర్చడానికి మొత్తం సాగదీయాల్సి వస్తుంది. క్యాసెట్ మీద చేస్తే యంత్రం వేగం తేడాతో ఈ బెడద ఇంకా ఎక్కువ. అందుకని క్యాసెట్ మొదట్లో 440 స్వరం పది సెకన్లు రికార్డు చేసి ఉంచండి.

ప్రశ్న: ఎల్‌పీ కూడా తెస్తున్నాం. పాటల వరుస ఎలా?

జవాబు: నిమిషానికి 33⅓ చుట్ల వేగం మీద పన్నెండు అంగుళాల పళ్లెం ఒక్కో వైపు 18–20 నిమిషాలు హాయి. 22 దాటితే ధ్వని సన్నబడుతుంది. అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు 50 సెంటీమీటర్ల చొప్పున కదిలితే, మధ్యకు వచ్చేసరికి 21 మాత్రమే. అంత ఇరుకులో ‘స’, ‘ష’ల చీదుడు, సింబళ్ల చప్పుడు చిరుగుతాయి. కొత్త ధ్వనితో హోరెత్తే పాటలు ప్రతి వైపు మొదట్లో, గొంతూ గిటారూ మాత్రమే ఉన్నవి చివర్లో పెట్టండి. బేస్ మొత్తం మధ్యలోనే ఉండాలి. సింథ్ బేస్‌ను ఒక పక్కకు తోస్తే సూది గాడిలోంచి ఎగిరే ప్రమాదం ఉంది.

పాత శ్రోతలకు కొంచెం పాత రుచి ఇవ్వడానికీ ఎల్‌పీ అనువే. 1965 మార్చిలో వచ్చిన డిలన్ ఆల్బమ్‌లో మొదటి వైపు ఎలక్ట్రిక్ బృందం, రెండో వైపు ఎక్కువగా అకూస్టిక్. జూలైలో న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవ వేదిక మీద ఎలక్ట్రిక్ బృందంతో వాయిస్తే అయినా కొందరు శ్రోతలు నిరసనగా అరిచారనుకోండి.

ప్రశ్న: ఆల్బమ్‌లో ఆరు వాద్యాలు. వేదిక మీద నేనొక్కడినే. ఏం వాయించాలి?

జవాబు: ఆరింటినీ లాప్‌టాప్‌లోంచి వదలకండి, మీరు దానికి పక్కవాద్యం అయిపోతారు. ఆల్బమ్‌ను గుర్తుపట్టించే ధ్వని ఒక్కటి మోసుకెళ్లండి. అది షడ్జమం, పంచమం పట్టుకున్న సింథ్ డ్రోన్ అయితే పాదం కింద లూపర్ (వాయించినదాన్ని మళ్లీమళ్లీ వినిపించే పెడల్) చాలు. హై-స్ట్రంగ్ గిటారు అయితే రెండో గిటారు తప్పదు, వేదిక మీద తీగలు మార్చలేరు కదా. డ్రోన్ వేసిన పాటల్లో గిటారు ఫింగర్ పికింగ్‌లో, పై నాలుగు తీగల మీదే ఉండాలి. బొటనవేలు అడుగు తీగ మీదకు పోతే డ్రోన్‌తో కొట్టుకుని గుమ్మంటుంది. ఆ గుమ్ముడే స్పీకర్ల ద్వారా తిరిగొచ్చి 100 హెర్ట్జ్ పైన ఊళ పెడుతుంది. గిటారు నోటికి రబ్బరు మూత బిగించి, ఊళ పెట్టే చోటు వెతికి ఐదారు డీబీలు సన్నగా కోయించండి.

శ్రుతులు మారే పాటలను గుంపులుగా పెట్టుకోండి. మామూలు శ్రుతి నుంచి డి-ఎ-డి-జి-ఎ-డి కి మూడు తీగలే దించాలి: ఒకటి, రెండు, ఆరు. దించేటప్పుడు కావలసిన స్వరానికి కొంచెం కిందకు పోయి, తీగను ఒకసారి వేలితో లాగి, అక్కడి నుంచి పైకి వచ్చి ఆపండి. పైనుంచి దించుతూ ఆపితే నట్ దగ్గర చిక్కుకున్న సడలింపు మొదటి చరణంలోనే వదిలి, తీగ ఇంకా కిందకు జారుతుంది.